నీలం బోగీలు, కంటి శుక్లాలు

వేటపాలెం స్టేషనులో ఆగే బండ్లకంటె ఆగకుండా పోయే బండ్లే ఎక్కువ. విజయవాడ – గూడూరు మార్గంలో చీరాల పక్కనే ఉన్న ఊరు మాది. మద్రాసు వెళ్ళే పెద్ద బండ్లు చాలామటుకు చీరాలలో ఆగుతాయి. మాకు గాలి మాత్రం విసిరి వెళ్తాయి. ఆగని బండ్లను చూస్తూ పెరిగిన పిల్లవాడికి రైలుపెట్టెల మీద మోజు కలగడం సహజమే. నా విషయంలో ఆ మోజు ఉద్యోగధర్మంతో నలభై ఏళ్ళు అటకెక్కింది, పదవీ విరమణ తరువాత మళ్ళీ కిందికి దిగింది. ఈ వ్యాసంలో ఆ బొమ్మ రైలుపెట్టెలకు రంగులు వేయడం గురించీ, ఆ రంగుల మూలంగా కంటి శుక్లాలను గురించి నాకు కొత్తగా బోధపడిన ఒక విషయం గురించీ చెబుతాను.

ఆరు బోగీలు

1970 దశకం చివర ఇంగ్లండులో పై శిక్షణ పొందుతున్నప్పుడు ఒక సెలవులో స్విట్జర్లాండు చూడబోయాను. అక్కడి దుకాణంలో ఆరు ప్రయాణికుల బోగీలు కొన్నాను. అవి పిల్లలు తాడు కట్టి లాగే బొమ్మలు కావు. అసలు బోగీని 87వ వంతుకు కుదించి, కిటికీలు, మెట్లు, చక్రాలు అన్నీ ఆ లెక్కకే తయారుచేసిన నమూనాలు. ఈ కొలతను 'హెచ్.ఓ. స్కేలు' అంటారు. వీటి పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. ఐరోపాలో ఎక్కువగా వాడే 1,435 మిల్లీమీటర్ల పట్టాలకు అది 87వ వంతు. మన బ్రాడ్‌గేజి 1,676 మిల్లీమీటర్లు కనుక, మన లెక్కకు పట్టాల నడుమ 19 మిల్లీమీటర్లకు పైగా ఉండాలి. అంచేత బోగీని ఎంత మార్చినా కింది పట్టాలు మాత్రం పరాయి దేశపువే.

స్విస్ రైల్వేల ఆకుపచ్చ రంగులో ఉన్న ఆ బోగీలను మన బోగీలుగా మార్చాలన్న కోరికకు చరిత్రలో కొంత ఆధారం ఉంది. 1955లో పెరంబూరులో ఇంటిగ్రల్ కోచ్ ఫ్యాక్టరీ ప్రారంభమైనప్పుడు, ఉక్కు బోగీల నమూనా స్విట్జర్లాండులోని ష్లీరెన్ సంస్థ నుంచే వచ్చింది. ఆ పద్ధతి బోగీలు అక్కడ 2018 వరకు తయారయ్యాయి. అంటే మనం మూడు తరాలపాటు ప్రయాణం చేసిన బోగీలు, నా అటక మీది ఆకుపచ్చ బోగీలు దూరపు చుట్టాలే. తలుపుల చోట్లు, కిటికీల లెక్క సరిపోవని తెలిసినవారు పెదవి విరుస్తారు. నాకు అంత పట్టింపు లేదు.

మూడు బోగీలను నా చిన్ననాటి ఇటుకరంగులోకి, మూడింటిని తరువాతి కాలపు నీలంలోకి మార్చాలని నిశ్చయించుకున్నాను. ఇటుకరంగు వాటిమీద 'ఎస్.ఆర్.' అక్షరాలు, నీలం వాటిమీద 'ఎస్.సి.ఆర్.' అక్షరాలు. కారణం ఉంది. 1966 అక్టోబరు 2న దక్షిణమధ్య రైల్వే ఏర్పడేవరకు మా మార్గం దక్షిణ రైల్వేలో ఉండేది. నీలం రంగు 1990 దశకంలో, వ్యాక్యూమ్ బ్రేకులు పోయి ఎయిర్ బ్రేకులు వస్తున్న కాలంలో వచ్చింది. ఒళ్ళంతా ముదురు నీలం, కిటికీల వరుస వెంబడి లేత నీలం పట్టీ, కింద చట్రమూ చక్రాలూ నలుపు. ఈ మూడు రంగులనూ పాఠకులు గుర్తుంచుకోవాలి. అసలు కథ వాటి దగ్గరే ఉంది.

పని నెమ్మదైనది. ముందు బోగీ పై డొల్లను చట్రం నుంచి విడదీయాలి. ఐసోప్రొపైల్ ఆల్కహాలులో నానబెట్టి, మెత్తటి బ్రష్‌తో పాత రంగును వదలగొట్టాలి. మిగిలిన గరుకును నీళ్ళలో తడిపిన సన్న సాండ్‌పేపరుతో సాపు చేయాలి. బూడిదరంగు ప్రైమరు పూయాలి. తరువాత లేత నీలం ముందు, ముదురు నీలం వెనుక. లేతరంగు ఆరాక పట్టీ ఉండవలసిన మేర మాస్కింగ్ టేపు అంటించి, మిగతా భాగానికి ముదురు రంగు వేయాలి. ఒక్కసారే మందంగా పూస్తే కిటికీ అంచులు పూడిపోతాయి. పలచటి పూతలు నాలుగు వేసి, ఒక్కొక్కటి ఆరేవరకు ఆగాలి. చివరగా కిటికీలకు మన బండ్లలోలా అడ్డు ఊచలు కావాలి. పాత మోటారు చుట్టలోని వెంట్రుకంత రాగితీగను ముక్కలుగా కత్తిరించి అతికించాను. ఒక్కొక్క బోగీకి రెండు వారాలు పట్టింది.

గుమ్మంలో చూసిన రంగు

డెబ్బై దాటినవాడి కంటికి రంగుల తీర్పు చెప్పే అర్హత తగ్గుతుందని వైద్యుడిగా నాకు తెలుసు. అందువలన నీలాలు కలిపేటప్పుడు మా వీధిలో నూలుకు రంగులు అద్దే పనివాడి సాయం తీసుకున్నాను. నలభై అయిదేళ్ళవాడు, తాత నాటినుంచి అదే వృత్తి. చీరాల, వేటపాలెం ప్రాంతాల్లో మగ్గం ఎంత పాతదో అద్దకం కూడా అంత పాతది.

నా బల్ల మీద దీపం కింద ఉన్న రంగుగిన్నెను చూసి అతను నవ్వాడు. "దీపం కింద రంగు చూడకూడదండి డాక్టరు గారూ. గుమ్మంలోకి తీసుకురండి" అన్నాడు. ఉదయం ఎండ నేరుగా పడని గుమ్మంలో నిలబడి, నా దగ్గరున్న పాత బోగీ ఫొటోనూ గిన్నెనూ పక్కపక్కన పెట్టి, "ఇంకో రెండు చుక్కలు తెలుపు వేయండి, చాలు" అన్నాడు. అతని మాట ప్రకారమే కలిపాను. ఒకే రంగు రెండు రకాల దీపాల కింద రెండు రకాలుగా కనిపించడం భౌతికశాస్త్రం చెప్పే విషయమే. అతని ఇంట్లో అది మూడు తరాలుగా పనిలో భాగం.

నీలం బోగీలు మూడూ పూర్తయిన నెలకు నా కుడికంటి శుక్లానికి శస్త్రచికిత్స జరిగింది. రాత్రిపూట చీరాల రోడ్డులో ఎదురు వాహనాల దీపాలు పిచ్చుకగూళ్ళలా విచ్చుకుని కనబడటం, కళ్ళజోడు నంబరు ఏడాదిలో రెండుసార్లు మారడం అందుకు ముందు లక్షణాలు. ఎడమకంటికి ఆరు వారాల తరువాత చేయాలని నిర్ణయించారు. ఆ ఆరు వారాలు నాకు రెండు రకాల కళ్ళు ఉన్నాయి.

నాలుగో రోజున గుమ్మంలో ఒక నీలం బోగీని చేతిలో పెట్టుకుని ఒక్కొక్క కన్నూ మూసి చూశాను. కుడికంటికి ముదురు నీలం ముదురు నీలంగా, లేత నీలం పట్టీ దానిమీద తేటగా, కింది చట్రం నల్లగా కనిపించాయి. ఎడమకంటికి లేత నీలం కాస్త ఆకుపచ్చ కలిసిన బూడిదరంగులా ఉంది. ముదురు నీలం ఎక్కడ ముగిసి నలుపు ఎక్కడ మొదలైందో తెలియలేదు. బోగీ, చట్రం కలిసి ఒక్కటే నల్లని ముద్ద. ఇటుకరంగు బోగీని చూస్తే మాత్రం రెండు కళ్ళ మధ్య తేడా అంతగా లేదు.

నీలమే ఎందుకు పోతుంది?

కంటిపాప వెనుక ఉండే కటకం పుట్టినప్పుడు గాజులా తేటగా ఉంటుంది. అది ప్రధానంగా మాంసకృత్తులతో, నీటితో నిర్మితమైనది. శరీరంలో చాలా కణాలు పాతబడితే రాలిపోయి కొత్తవి వస్తాయి. కటకంలో అలా జరగదు. మధ్యభాగంలోని పోగులు పుట్టుకనాటివి. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ మాంసకృత్తులు మార్పుచెంది, గుంపులు కట్టి, పసుపుబారుతాయి. 1918లో మొదలైన మా ఊరి సారస్వత నికేతనం గ్రంథాలయంలో భద్రపరచిన పాత పత్రికలను చూసినవారికి ఇది సులభంగా అర్థమవుతుంది. ఆ కాగితం ఏ రోజున పసుపుబారిందో ఎవరూ చెప్పలేరు.

పసుపు అద్దం నీలికాంతిని అడ్డుకుంటుంది, ఎరుపును సాగనిస్తుంది. అందుకే పండిన కటకం గల కంటికి మొదట మసకబారేవి ఊదా, నీలం రంగులు. ముదురు నీలం నలుపులో కలిసిపోతుంది. లేత నీలం ఆకుపచ్చకో బూడిదరంగుకో దగ్గరవుతుంది. తెలుపు మీగడరంగుకు తిరుగుతుంది.

ఇంత మార్పు జరుగుతుంటే మనిషికి తెలియదా అని అడగవచ్చు. తెలియదు. మెదడు తన తెల్లదనపు కొలబద్దను రోజూ కొద్దికొద్దిగా సవరించుకుంటుంది. కంటికి చేరే కాంతి పసుపైనా, తెల్లపంచె తెల్లపంచెగానే భావిస్తుంది. రెండు కళ్ళూ సమానంగా మసకబారుతుంటే పోల్చి చూడటానికి ఇంకొకటి ఉండదు. ఒక కంటికి కొత్త కటకం పెట్టిన తరువాతే, రెండో కన్ను చేయించుకునేలోపల ఆ పోలిక దొరుకుతుంది. ఫ్రెంచి చిత్రకారుడు క్లోద్ మోనే శుక్లాలతో ఏళ్ళ తరబడి బాధపడి, 1923లో ఒక కంటికి శస్త్రచికిత్స చేయించుకున్నాడు. తరువాత రంగులు తేడాగా కనిపిస్తున్నాయని ఫిర్యాదు చేసి, రంగుటద్దాలు కూడా వాడాడు. ఆయన కాలంలో తీసివేసిన కటకం స్థానంలో పెట్టడానికి వేరొకటి లేదు. సోడాబుడ్డి అద్దాలే గతి.

కృత్రిమ కటకం కథ నాబోటి బొమ్మలవాడికి మరీ ఇష్టమైనది. రెండో ప్రపంచయుద్ధంలో విమానాల పైకప్పు పగిలి, ఆ ప్లాస్టిక్ పెంకులు కొందరు పైలట్ల కళ్ళలో దిగబడ్డాయి. లండనులో నేత్రవైద్యుడు హెరాల్డ్ రిడ్లీ ఆ అక్రిలిక్ పెంకులను కన్ను పెద్దగా తిరస్కరించకపోవడం గమనించాడు. 1949లో అదే జాతి పదార్థంతో చేసిన కటకాన్ని మొదటిసారి మనిషి కంటిలో పెట్టాడు. నేడు మడిచి లోపలికి పంపే కటకాలలో చాలావరకు అక్రిలిక్ కుటుంబానివే. నా బోగీల మీది రంగు అక్రిలిక్, కిటికీ అద్దాలు అక్రిలిక్, వాటిని చూస్తున్న కంటిలోని కటకమూ అక్రిలిక్.

మగ్గం దించిన తల్లి

ఈ రెండు కళ్ళ సంగతి చెబుతూ బోగీని చూపిస్తుంటే, అద్దకపు పనివాడు కొంతసేపు మాట్లాడలేదు. తరువాత అన్నాడు: "మా అమ్మకు కూడా నీలమూ నలుపూ తేడా తెలియడం లేదండి. రెండేళ్ళయింది. పేకలో నల్లనూలు బదులు నీలంనూలు వేసి రెండు చీరలు పాడయ్యాయి. వయసైపోయిందని మగ్గం దించేశాం."

మర్నాడు ఆమెను చూడబోయాను. అరవై ఎనిమిదేళ్ళ మనిషి. "వయసైపోయింది గదయ్యా, ఇంకేం కనబడతాయి" అంటూ అరుగుమీద కూర్చుని ఉంది. ఆ మాటలో దుఃఖం కూడా లేదు. ఏదో లోటు ఉన్నట్టే ఆమెకు తోచలేదు. మనుషుల ముఖాలు గుర్తుపడుతోంది, బియ్యంలో రాళ్ళు కూడా తడిమి ఏరుతోంది. "చూపు బాగానే ఉందయ్యా, రంగులే సరిగా రావడం లేదు" అని తనే నాకు చెప్పింది. టార్చిలైటు వేసి చూస్తే రెండు కంటిపాపలూ తేనెరంగులో ఉన్నాయి.

కంటి ఆసుపత్రిలో పరీక్షలు జరిగాయి. మధుమేహం కూడా ఉన్నట్టు అప్పుడే తెలిసింది. దాన్ని అదుపులోకి తెచ్చి, రెండు నెలల వ్యవధిలో రెండు కళ్ళకూ శస్త్రచికిత్స చేశారు. మోకాళ్ళ నొప్పులవల్ల ఆమె మళ్ళీ గుంటమగ్గంలో కూర్చోలేకపోయింది. కండెలు చుట్టే పని మాత్రం మొదలుపెట్టింది. కొడుకు అద్దిన నీలాన్ని గుమ్మంలో పెట్టి, "ఈసారి పలచనైందిరా" అని తప్పు పడుతోందట. రెండేళ్ళ కూలి, పాడైన చీరల ఖరీదు తిరిగిరావు. ఆ రెండేళ్ళు ఇంట్లో ఎవరూ ఆమెను కంటివైద్యుడి దగ్గరకు తీసుకువెళ్ళకపోవడానికి నిర్లక్ష్యం కారణం కాదు. వయసుకు వైద్యం ఉండదన్న నమ్మకమే కారణం. శుక్లాల విషయంలో ఆ నమ్మకం నిజం కాదు. మన దేశంలో అంధత్వానికి ప్రధాన కారణం శుక్లాలే. నయం చేయడానికి ఎక్కువ వీలున్న కారణమూ అదే.

శుక్లాల గురించి కొన్ని మాటలు

శుక్లాలకు వయసే పెద్ద కారణం. మధుమేహం, పొగతాగడం, కంటికి దెబ్బలు, స్టెరాయిడ్ మందుల దీర్ఘకాలపు వాడకం, ఎక్కువ ఎండ వాటిని ముందుగా తెస్తాయి. కంటి ఎరుపుకు, దురదకు దుకాణంలో స్టెరాయిడ్ చుక్కలు అడిగి కొనుక్కుని నెలల తరబడి వేసుకోవడం ప్రమాదకరం. అది శుక్లాలనే కాదు, నీటికాసుల వ్యాధిని కూడా తేగలదు. నీటికాసుల వలన పోయిన చూపు తిరిగి రాదు.

కొందరికి శుక్లం ముదిరేటప్పుడు కళ్ళజోడు లేకుండానే దగ్గరి అక్షరాలు కనిపించడం మొదలవుతుంది. 'చత్వారం పోయింది' అని సంతోషిస్తారు. అది కటకం శక్తి మారడం వల్ల కలిగే తాత్కాలిక లాభం. చుక్కల మందులతోనో, పసర్లతోనో శుక్లం కరగదు. శస్త్రచికిత్స ఒక్కటే మార్గం. 'బాగా పండాక చేయించుకోవచ్చు' అనే పాతమాట కూడా ఇప్పుడు చెల్లదు. రోజువారీ పనికి అడ్డం వచ్చిననాడే చేయించుకోవచ్చు. మరీ ముదిరితే శస్త్రచికిత్స కష్టతరమవుతుంది.

శస్త్రచికిత్స తరువాత కన్ను నలపకూడదు. వైద్యులు చెప్పినన్ని రోజులు కంటిలో నీళ్ళు, దుమ్ము పడనివ్వకూడదు. ఆ ఆరు వారాలూ నేను బోగీలను చూడటమే గాని, సాండ్‌పేపరు ముట్టలేదు. నొప్పి పెరిగినా, ఎరుపు ఎక్కువైనా, చూపు తగ్గినా అదే రోజు వైద్యుడికి చూపించాలి. లోపల సూక్ష్మజీవులు చేరితే గంటలు కూడా విలువైనవే.

రంగుల పని చేసేవారికి

బొమ్మలకైనా, కిటికీ ఊచలకైనా, సైకిలుకైనా ఇంట్లో రంగులు వేసేవారు మూడు సంగతులు గుర్తుంచుకోవాలి.

మొదటిది సీసం. పాత ఎరుపు, పసుపు, నారింజ రంగులలో సీసపు లవణాలు వాడేవారు. మన దేశంలో ఇళ్ళకు వేసే రంగులలో సీసం పది లక్షల పాళ్ళకు 90 పాళ్ళు మించకూడదని 2016లో నియమాలు వచ్చాయి. అంతకు ముందు వేసిన రంగుల్లో ఎంత ఉందో మన కంటికి తెలియదు. అందుచేత పాత రంగును పొడిగా గీకకండి. తడిపి రుద్దండి, తడిబట్టతో తుడవండి, పని కాగానే చేతులు కడుక్కోండి. ఆ పొడి పసిపిల్లల నోటిలోకి పోతే వారి మెదడు ఎదుగుదల దెబ్బతింటుంది.

రెండవది ఆవిరి. థిన్నరు ఆవిరి తలనొప్పిని, మత్తును కలిగిస్తుంది. నిప్పు తగిలితే భగ్గుమంటుంది. గుడ్డ మాస్కు ఆవిరిని ఆపదు. ఎన్-95 మాస్కు దుమ్మును ఆపుతుంది గాని ఆవిరిని ఆపదు. గాలి ఆడే చోట, పొయ్యికి దూరంగా పనిచేయడం అన్నిటికంటె మేలు. నీటితో పలుచన చేసే అక్రిలిక్ రంగులు దొరుకుతున్నప్పుడు థిన్నరు అవసరం చాలావరకు ఉండదు.

మూడవది సీసాలు. థిన్నరు, కిరసనాయిలు, టర్పెంటైను ఎన్నడూ శీతలపానీయాల సీసాలలో పోయకండి. నా ఉద్యోగకాలంలో మంచినీళ్ళనుకుని తాగిన పిల్లలను ఎందరినో చూశాను. అలా తాగిన బిడ్డకు వాంతి చేయించే ప్రయత్నం చేయకూడదు. వాంతిలో ఆ నూనె ఊపిరితిత్తులలోకి పోయి ప్రాణం మీదికి తెస్తుంది. వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి, సీసాను కూడా వెంట తీసుకెళ్ళాలి.

రెండో కన్ను తరువాత

నా ఎడమకంటికి కూడా శస్త్రచికిత్స అయింది. ఇప్పుడు రెండు కళ్ళకూ నీలం నీలంగానే కనిపిస్తోంది. చిత్రమేమంటే, ఆ ఆరు వారాల్లో ఎడమకన్ను చూపిన మసక బోగీని ఇప్పుడు గుర్తుతెచ్చుకుందామన్నా సాధ్యం కావడం లేదు. నోటుపుస్తకంలో రాసుకున్న మాటలే మిగిలాయి. అంతకుముందు ఎన్నేళ్ళు అలా చూశానో నాకు తెలియదు, తెలిసే మార్గమూ లేదు.

అందువలన పాఠకులకు ఒక చిన్న పని చెబుతాను. మీ ఇంట్లో యాభై అయిదు దాటినవారు ఉంటే, ఒక ముదురు నీలం గుడ్డనూ ఒక నల్లగుడ్డనూ పగటి వెలుతురులో గుమ్మం దగ్గర పక్కపక్కన పెట్టండి. ఒక్కొక్క కన్నూ మూసి చూడమనండి. తేడా చెప్పడానికి తడబడితే, లేక ఒక కంటికీ మరొక కంటికీ చూపు వేరుగా ఉందంటే, కంటివైద్యుడి దగ్గరకు తీసుకువెళ్ళండి. తడబడకపోయినా, నలభై దాటినవారు ఏడాదికో రెండేళ్ళకో ఒకసారి కంటిపరీక్ష చేయించుకోవాలి. మధుమేహం ఉన్నవారు ప్రతి సంవత్సరం తప్పకుండా చేయించుకోవాలి. కంటి ఒత్తిడి, దృష్టిపటలం కూడా ఆ పరీక్షలోనే చూస్తారు. గుడ్డలతో చేసే పరీక్ష వాటిని చెప్పలేదు.